వానాకాలములో మోటారు సైకిలు: క్షేమముగా ఇల్లు చేరడమెలా?

పదేండ్ల క్రిందటి మాట. జూన్ నెల. మృగశిర కార్తె ప్రవేశించి రెండు రోజులైంది. బంధువుల ఇంట నిశ్చితార్థమునకు బయలుదేరాము. బండి మీద మేమిద్దరము, మా మధ్య ఆరేండ్ల బాబు. ఊరు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. "పెద్ద వాన రాకముందే చేరిపోదాము" అనుకొని, ఆగవలసినది పోయి వేగము పెంచాము. చెరువు కట్ట మలుపులో ఒక గేదె రోడ్డు మీదికి వచ్చింది. కాలి బ్రేకు గట్టిగా తొక్కాము. అంతే! వెనుక చక్రము ప్రక్కకు జారిపోయింది. ఏమి జరిగినదో తెలిసేలోపే ముగ్గురము నేల మీద ఉన్నాము.

తల్లి ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టుతోనే ఇంటి పని, పొలము పని నెట్టుకొచ్చాము. బాబుకు మోచేయి గీసుకుపోయినది తప్ప ఏమీ కాలేదు. అయితే వాడి తల పడిన చోటుకు జానెడు దూరములో కిలోమీటరు రాయి ఉంది. ఆ రోజు వాడి తల మీద హెల్మెట్టు లేదు. ఆ జానెడు దూరమును మేము ఈనాటికీ మరువలేదు.

తప్పు గేదెది కాదు, వానది కాదు. తడి రోడ్డు మీద బండి ఎలా నడపాలో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడుగలేదు. తరువాత మెకానిక్కులను, చాలా ఏండ్లుగా బండి నడుపుచున్న పెద్దలను అడిగి, చదివి తెలుసుకొన్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము. మీ ఇంట్లో బండి నడిపేవారే గాక, వెనుక కూర్చునేవారు కూడా చదువవలెనని మా కోరిక.

మొదటి జల్లే ఎక్కువ జారుతుంది

కుండపోత వానలోనే రోడ్డు ఎక్కువ జారుతుందని చాలామంది అనుకొంటారు. నిజానికి చాలా రోజుల ఎండ తరువాత పడే మొదటి జల్లు మరీ ప్రమాదకరము. వేసవి అంతా లారీల నుండి, ట్రాక్టర్ల నుండి కారిన నూనె, డీజిలు చుక్కలు, టైర్ల నుండి అరిగిన రబ్బరు పొడి, దుమ్ము తారు మీద పేరుకొని ఉంటాయి. నాలుగు చినుకులు పడగానే ఇవన్నీ కలిసి సబ్బు నీళ్లవంటి పొరగా మారతాయి. గట్టిగా కొంతసేపు కురిస్తేనే ఆ పొర కొట్టుకుపోతుంది.

కనుక మొదటి జల్లులో త్వరపడకండి. బస్ షెల్టరులోనో, హోటలు పందిరి క్రిందనో ఒక అరగంట ఆగండి. రోడ్డు కొంత శుభ్రపడుతుంది, మీ కంగారు కూడా తగ్గుతుంది. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రము చెట్టు క్రింద నిలువకండి.

బయలుదేరక ముందు

బండి ఎంత బరువైనదైనా నేలను అంటి ఉండేది ఒక్కొక్క టైరులో అరచేయి అంత మేర మాత్రమే. ఇంటిల్లిపాది ప్రాణము ఆ రెండు అరచేతుల మీద ఉందన్న మాట. టైరు మీది గాడులు ఊరికే అందము కొరకు చెక్కినవి కావు. చక్రము క్రింద పడిన నీటిని అవి ప్రక్కలకు పంపివేస్తాయి, అప్పుడే రబ్బరు రోడ్డును పట్టుకొంటుంది. గాడులలో అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు కనబడతాయి. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని పని అయిపోయినట్లే. "ఇంకొక పంట చేతికి వచ్చాక మారుద్దాములే" అని నున్నబడిన టైరుతో వానాకాలము గడపకండి. టైరు ఖరీదు ఎక్కువే, ఆసుపత్రి ఖర్చు అంతకంటె చాలా ఎక్కువ.

వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు చెబుతారు. ఈ మాట నమ్మకండి. గాలి తగ్గిన టైరు నొక్కుకుపోయి గాడులు మూసుకుంటాయి, నీరు బయటకు పోదు. బండితో ఇచ్చిన పుస్తకములో ఎంత వ్రాసి ఉంటే అంత గాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి.

ముందు లైటు, వెనుక ఎర్ర లైటు, బ్రేకు లైటు వెలుగుతున్నాయో లేదో చూడండి. 2017 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లకు ఇంజను నడుస్తుంటే ముందు లైటు దానంతట అదే వెలుగుతుంది. అంతకు ముందు కొన్న బండి అయితే వానలో పగలైనా మీరే లైటు వేయండి. మీకు దారి కనబడడము ఎంత అవసరమో, మీరు లారీవానికి కనబడడము అంతే అవసరము.

బ్రేకు వేయడములోనే ఉంది అంతా

మేము చేసిన తప్పు చాలామంది చేసేదే. ముందు బ్రేకు పడితే బండి తిరగబడుతుందనే భయముతో ఎప్పుడూ కాలి బ్రేకునే నమ్ముకొంటాము. కాని బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనుక చక్రము తేలికవుతుంది. తేలికైన ఆ చక్రమును గట్టిగా బిగిస్తే తిరగడము మానివేసి, ఈడ్చుకుంటూ ప్రక్కకు జారుతుంది. మరి ఏమి చేయాలి?

మొదట యాక్సిలరేటరు వదలండి. గేరు మీద ఉన్న ఇంజనే బండిని కొంత నెమ్మదింపజేస్తుంది. తరువాత రెండు బ్రేకులు కలిపి, పండిన జామకాయను నొక్కినట్లు మెల్లగా మొదలుపెట్టి క్రమముగా ఒత్తిడి పెంచండి. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగము తగ్గించుకోండి. మలుపులో వాలి ఉన్నప్పుడు బ్రేకు పట్టడము ప్రమాదము. పల్లము వచ్చిందని పెట్రోలు ఆదా కొరకు న్యూట్రలులో వదలకండి.

వెనుక చక్రము జారినట్లు తోస్తే కాలి బ్రేకు మీది ఒత్తిడి తగ్గించండి, హ్యాండిలు తిన్నగా పట్టుకోండి. ముందు చక్రము జారితే చేతి బ్రేకును వెంటనే వదలి, చక్రము తిరిగిన తరువాత మరల మెల్లగా పట్టండి. చూపు గుంట మీద గాక, మీరు పోవలసిన దారి మీద ఉంచండి.

2019 ఏప్రిల్ నుండి అమ్మిన కొత్త బండ్లలో 125 సీసీ దాటిన వాటికి ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి కనీసము సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ చక్రము బిగుసుకుపోకుండా కాపాడుతుంది. సీబీఎస్‌లో ఒక బ్రేకు వేస్తే రెండవ చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. ఇవి మంచి సహాయకులే. అయినను నున్నని టైరుకు పట్టు తేవడము వీటి వలన కాదు.

మరొక లెక్క మనసులో ఉంచుకోండి. వేగము రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరము నాలుగింతలవుతుంది. తడి రోడ్డు మీద అది ఇంకా పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగములో మనము "అయ్యో" అనుకొనే ఒక్క సెకనులోనే బండి 16 మీటర్లకు పైగా పోతుంది. అందుకని ముందు పోయే వాహనము ఒక స్తంభమును దాటగానే "నూట ఒకటి, నూట రెండు, నూట మూడు, నూట నాలుగు" అని లెక్కపెట్టండి. మీరు ఆ స్తంభమును చేరేలోపు ఈ నాలుగూ పూర్తి కావాలి. కాకపోతే మీరు బాగా దగ్గరలో ఉన్నట్లే.

మన పల్లె దారులలో జారే చోట్లు

రైల్వే గేటు దగ్గర తడిసిన పట్టాలు గాజువలె ఉంటాయి. వాటిని ఏటవాలుగా దాటితే చక్రము పట్టా వెంబడి జారిపోతుంది. ముందుగానే నెమ్మదించి, పట్టాలకు అడ్డముగా, బండి నిటారుగా ఉంచి, పట్టా మీద బ్రేకు వేయకుండా దాటండి. రోడ్డు మీద వేసిన తెల్ల రంగు చారలు, మురుగు కాలువల ఇనుప మూతలు కూడా ఇటువంటివే.

దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు మడి నుండి రోడ్డు ఎక్కిన చోట బురద ముద్దలు పడి ఉంటాయి. నల్లరేగడి బురద అయితే మరీ జారుడు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యము, పరచిన గడ్డి తడిసినప్పుడు కూడా అంతే. రైతు సోదరులకు ఒక మనవి. మన ట్రాక్టరు విడిచిన బురదను ఒక పారతో తీసివేయడానికి పట్టే సమయము కొద్ది నిమిషాలే. ఆ దారిన రాత్రి వచ్చేది మన పిల్లవాడే కావచ్చు.

నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు కనబడితే అక్కడ నూనె ఉన్నట్లు. నీరు నిలిచిన గుంట ఎంత లోతో తెలియదు, కనుక ముందు పోయిన వాహనము చక్రాల జాడలో పొండి. బస్సుకు దారి ఇచ్చి తారు అంచు దిగవలసి వస్తే వేగము బాగా తగ్గించి దిగండి. తిరిగి ఎక్కేటప్పుడు అంచుకు ఆనుకొని ఎక్కబోతే చక్రము జారుతుంది. నెమ్మదిగా, కొంచెము అడ్డముగా ఎక్కండి. చక్రాలు నీటిలో మునిగి వస్తే బ్రేకు సరిగా పట్టదు. నీటిని దాటిన తరువాత మెల్లగా పోతూ రెండు మూడు మార్లు బ్రేకు కొద్దిగా నొక్కి ఆరబెట్టండి.

వాగు పొంగితే వెనుకకు తిరగండి

చప్టా మీద నీరు పారుతుంటే "మోకాలి లోతే కదా" అని దిగకండి. వేగముగా పారే మోకాలి లోతు నీరు మనిషిని పడద్రోయగలదు. క్రింద చప్టా కొట్టుకుపోయిందేమో పైకి కనబడదు. అవతలి గట్టున ఎంత అవసరమైన పని ఉన్నా, పెండ్లి అయినా, సంత అయినా, బండి మళ్లించండి. తెలిసినవారి ఇంట ఒక రాత్రి ఉండిపోవడము చిన్నతనము కాదు.

వెనుక కూర్చున్నవారికి కొన్ని మాటలు

నడుస్తున్న బండి మీద గొడుగు తెరువకండి, అమ్మలారా. గాలి పట్టిన గొడుగు మిమ్మును వెనుకకు లాగివేస్తుంది. తడవడము కంటె పడడము ఘోరము. చీర కొంగు, చున్నీ, రెయిన్ కోటు అంచులు చక్రమునకు, గొలుసుకు తగలకుండా బిగించి దోపుకోండి. వీలైతే రెండు ప్రక్కలా కాళ్లు వేసి కూర్చొని నడిపేవారిని గట్టిగా పట్టుకోండి. పాల క్యాన్లు, మూటలు ఒకే ప్రక్క వ్రేలాడదీయకండి.

బండి నడిపేవారి వెనుక ఒక్కరే కూర్చోవలెనని చట్టము చెబుతున్నది. ఆ రోజు మేము ముగ్గురము ఎక్కడము మా మొదటి పొరపాటు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము నాలుగేండ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్టు ఉండాలి. అంతకు చిన్నవారి విషయములో 2022లో వచ్చిన నియమము ప్రకారము, తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకు పిల్లలకు రక్షణ పట్టీ, తలకు తగిన హెల్మెట్టు ఉండాలి, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. బిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టడము ముద్దుగా కనబడుతుంది గాని, బండి ఆగినప్పుడు ముందుగా దెబ్బ తగిలేది ఆ బిడ్డకే.

ఒక వైద్యుని పట్టుదల

"లారెన్స్ ఆఫ్ అరేబియా" అని పేరు పొందిన టి. ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లాండులో మోటారు సైకిలు మీద పోతూ, ఎదురైన ఇద్దరు సైకిలు కుర్రవాళ్లను తప్పించబోయి పడిపోయాడు. తలకు హెల్మెట్టు లేదు. ఆరు రోజులకు, 46వ ఏట మరణించాడు. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఒకరు. మోటారు సైకిలు ప్రమాదాలలో తలకు తగిలే దెబ్బలను ఆయన పరిశీలించి, హెల్మెట్టు ఎంతగా కాపాడగలదో 1941లో ప్రకటించాడు. అప్పుడు బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్టు తప్పనిసరి చేసింది.

హెల్మెట్టు పోలీసువాని కొరకు కాదు, ఇంటి దగ్గర ఎదురుచూచేవారి కొరకు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నది కొనండి, గడ్డము క్రింద పట్టీ తప్పక బిగించండి. గీతలు పడిన ముందు అద్దమును మార్చండి. రాత్రి వానలో ఎదుటి లైటు ఆ గీతల మీద పడితే దారి కనబడదు.

ఎవరైనా పడిపోతే

దారిలో పడినవారిని చూచి "కేసు మన మీదికి వస్తుందేమో" అని తప్పుకొనేవారు ఉన్నారు. ఆ భయము అక్కరలేదు. 2019 సవరణలో చేర్చిన 134ఏ సెక్షను, సదుద్దేశముతో ఆదుకొన్నవారికి రక్షణ కల్పించింది. వెనుక వచ్చే వాహనాలను ముందు ఆపించండి. 108కి ఫోను చేయండి. మెడ మెలిపడేటట్లు లేపకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్టును కంగారుగా లాగకండి. స్పృహ లేనివారి నోట నీళ్లు పోయకండి. రక్తము కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి.

ఆ రోజు మా కొరకు ఆగినవాడు ఎవరో సోడాలు అమ్ముకొనే మనిషి. తన బండి రోడ్డుకు అడ్డము పెట్టి లారీలను ఆపాడు. పేరు అడిగే తెలివి కూడా అప్పుడు మాకు లేకపోయింది.

మా బాబు ఇప్పుడు చదువుకొంటూ, లైసెన్సు రాగానే బండి తాళము ఇమ్మని అడుగుచున్నాడు. ఇవ్వమని చెప్పలేము. వాడిని ఒకసారి ఆ చెరువు కట్ట మీదికి తీసికొనిపోయి ఆ కిలోమీటరు రాయిని చూపించాము. చేతితో జానెడు కొలిచి చూపించాము. వాడు ఏమీ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు వెనుక కూర్చొని, అడుగకుండానే హెల్మెట్టు పట్టీ బిగించుకొన్నాడు.

నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు. ఈ వానాకాలములో మీరు ఇంటికి అరగంట ఆలస్యముగా వచ్చినను ఎవరూ కోపగించరు. అన్నము చల్లారితే మరల వేడి చేసికొనవచ్చును. మీరు రావడమే వారికి కావలసినది.