ప్లాటినానికి తోడొచ్చిన రుథీనియం

ఉత్ప్రేరకం అంటే ఏమిటని అడిగితే పై తరగతుల పిల్లలు తడుముకోకుండా చెబుతారు: తాను ఖర్చు కాకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ వేసి, బుసబుస పొంగే బుడగల్ని చూపించని సైన్సు మాస్టారు అరుదు. మరి ఆ ఉత్ప్రేరకమే మధ్యలో పని మానేస్తే? పిల్లలు ఈ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో ఈ వారం చూద్దాం.

కుర్చీలన్నీ నిండిపోతే

హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో విద్యుత్తు పుట్టించే పరికరం ఇంధన ఘటం. దీన్నే ఫ్యూయల్ సెల్ అంటున్నాం. విలియం గ్రోవ్ 1839లోనే ఈ ఆలోచనకు రూపమిచ్చారు. 1965లో అమెరికా జెమిని వ్యోమనౌకలకు ఇవి విద్యుత్తునిచ్చాయి. ఈ రకం ఘటాల్లో ఉత్ప్రేరకం ప్లాటినం. దాని ఉపరితలం మీద హైడ్రోజన్ అణువు విడిపోయి ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఆ ఎలక్ట్రాన్ల ప్రవాహమే కరెంటు.

చిక్కు హైడ్రోజన్‌తో పాటే వస్తుంది. హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తారు. అందులో కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. శుద్ధి చేసినా జాడలు మిగులుతాయి. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేసే ఘటంలో, లక్ష పాళ్లకు ఒక పాలు ఈ వాయువు ఉన్నా చాలు, ప్లాటినం చతికిలబడుతుంది. మోనాక్సైడ్ అణువులు ప్లాటినం పరమాణువులను గట్టిగా అంటిపెట్టుకుని కదలవు. కుర్చీలన్నీ ఒకరే ఆక్రమిస్తే వచ్చిన హైడ్రోజన్‌కు కూర్చునే చోటేది?

మన ఒంట్లో జరిగేదీ ఇలాంటిదే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో తలుపులు మూసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు నిద్రలోనే ప్రాణాలు కోల్పోయేది ఇందుకే. ఈ పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. పిల్లలు ఇంటికెళ్లి పెద్దలకూ చెప్పాలి.

రెండు లోహాల ఉపాయం

అంటుకున్న మోనాక్సైడ్‌ను వదిలించాలంటే దానికి మరో ఆక్సిజన్ పరమాణువు అందాలి. అప్పుడది కార్బన్ డయాక్సైడ్‌గా మారి లేచిపోతుంది. ఇదే ఆక్సీకరణం. ఆ ఆక్సిజన్ నీటి నుంచే రావాలి. కానీ ప్లాటినం నీటి అణువును అంత సులువుగా విడగొట్టలేదు. అందుకు 0.7 వోల్టుల దాకా పొటెన్షియల్ కావాలి. అంత పొటెన్షియల్‌ను ఆనోడ్ దగ్గరే ఖర్చుపెడితే ఘటం నుంచి మనకు దక్కేది స్వల్పం.

ఇక్కడే రుథీనియం అక్కరకొచ్చింది. రష్యాలోని కజాన్‌లో 1844లో కార్ల్ క్లాస్ కనుగొన్న లోహమిది. నీటిని విడగొట్టి, ఓహెచ్ గుంపును తన మీద నిలుపుకోవడం దీనికి తేలిక. పక్కనే ప్లాటినం మీద మోనాక్సైడ్ ఉంటుంది. రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతాయి, కుర్చీ ఖాళీ అవుతుంది. పని దాదాపు 0.2 నుంచి 0.3 వోల్టులు తక్కువలోనే మొదలవుతుంది. ఒక లోహం పట్టుకోవడం, మరొకటి ఆక్సిజన్ అందించడం అనే ఈ వివరణను 1975లో జపాన్ శాస్త్రవేత్తలు వతనబె, మోటూ ఇచ్చారు. దీనికి తోడు, రుథీనియం పొరుగున ఉంటే ప్లాటినం పట్టు కూడా కొంత సడలుతుంది.

రెండూ ఏ పాళ్లలో ఉండాలి? 1990లలో అమెరికాలో గాస్టైగర్, మార్కోవిచ్, రాస్ చేసిన ప్రయోగాల్లో, మోనాక్సైడ్ ఆక్సీకరణానికి ఉపరితలం మీద సగం సగం ఉన్న మిశ్రమం మేలని తేలింది. ఏ పరమాణువుకైనా పక్కన రెండోరకం పరమాణువు దొరకాలి కదా! రెండు పొడులను పక్కపక్కన పోస్తే ఈ ఇరుగుపొరుగు కుదరదు. మిశ్రమలోహంలో పరమాణువులు ఒకే స్ఫటికంలో కలిసిపోతాయి. అందుకే ఈ మేలు.

కథ ఇక్కడితో ముగియలేదు. రుథీనియం కూడా ఖరీదైనదే, పైగా వాడుకలో మెల్లగా కరిగిపోతుంది. అందుకే తగరం వంటి లోహాలను ప్లాటినంతో కలిపి చూస్తున్నారు.

తరగతిలో ఎలా చెప్పాలి

మిశ్రమలోహం గురించి చెప్పేటప్పుడు ఇంట్లోని ఇత్తడి బిందె, కంచు గంట చాలు. బీదర్ పరిసరాల బడుల్లో బిద్రీ సామాను చూపించవచ్చు, అది జింకు, రాగి కలిసిన లోహం. ఆ తర్వాత కుర్చీల ఆట ఆడించండి. పది కుర్చీల్లో పదిమంది కూర్చుంటారు, చేతికి చీటీ అందితేనే లేవాలి. మొదట చీటీలు ఇచ్చేవారు లేకుండా, తర్వాత వరుసల మధ్య నలుగురిని నిలబెట్టి ఆడిస్తే తేడా పిల్లలకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆనోడ్‌ను ధనధ్రువం అని బట్టీ పట్టించకండి. విద్యుద్విశ్లేషణలో అది నిజమే. ఇంధన ఘటంలో మాత్రం ఆనోడ్ రుణధ్రువం. ఆక్సీకరణం జరిగే చోటు ఆనోడ్ అని చెబితే రెండు చోట్లా సరిపోతుంది, పై చదువుల్లో తికమక ఉండదు.

తమిళనాడులోని తల్లిదండ్రులకు ఒక మాట. ఈ శాస్త్రానికే అంకితమైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ కారైకుడిలో 1953 నుంచి పనిచేస్తోంది. రసాయన శాస్త్రం మీద మనసున్న పిల్లలకు ఆ పేరు ఇప్పుడే చెప్పి ఉంచండి.