రబ్బరులో ఏముంది, అదెలా అమరింది?

1826లో మైకేల్ ఫారడే సహజ రబ్బరును విశ్లేషించి, అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ మాత్రమేనని చూపాడు. నేటి లెక్కలో చెప్పాలంటే అయిదు కార్బన్ పరమాణువులకు ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు. ఆ లెక్క ఇప్పటికీ చెల్లుతుంది. చిక్కేమిటంటే అది గట్టాపర్చాకూ అంతే చక్కగా సరిపోతుంది. అదీ చెట్టు పాలనుంచి వచ్చేదే, కానీ మామూలు వేడిలో రబ్బరులా సాగదు, గట్టిగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు దాన్నే తొడుగుగా వాడారు. రెండింటిలోనూ గొలుసుకట్టింది ఐసోప్రీన్ అనే అణువే. ద్వంద్వ బంధం దగ్గర గొలుసు ఒకే పక్కన సాగితే రబ్బరు, ఎదురు పక్కలకు సాగితే గట్టాపర్చా. అందుకే రబ్బరును పరీక్షించేవారు దినుసుల జాబితాతో ఆగిపోతే సగం పనే చేసినట్టని నా వాదన.

కృత్రిమ రబ్బర్ల విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే అక్కడ అమరికను నిర్ణయించేది చెట్టు కాదు, ఫ్యాక్టరీ. స్టైరీన్, బ్యూటాడయీన్ అనే రెండు పదార్థాలనే తీసుకుందాం. మల్లెలూ కనకాంబరాలూ కలగలిపి కట్టిన దండలా ఇవి గొలుసు పొడవునా కలిసిపోతే టైర్లకు వాడే ఎస్‌బీఆర్ వస్తుంది. దాన్ని గంధకంతో వల్కనైజ్ చేయాలి, అంటే గొలుసుల మధ్య అడ్డబంధాలు వేయాలి, ఆపైన అది మళ్లీ కరగదు. అవే పదార్థాలను రెండు కొసలా స్టైరీన్, నడుమ బ్యూటాడయీన్ ఉండేలా గుత్తులుగా కడితే ఎస్‌బీఎస్ అవుతుంది. స్టైరీన్ కొసలు ఒకచోట చేరి గట్టి ముద్దలై గొలుసులను పట్టి ఉంచుతాయి కనుక గంధకంతో పనిలేదు. వేడిచేస్తే మెత్తబడుతుంది, అచ్చులో పోసి చెప్పుల అట్టలు తీయవచ్చు. పాళ్లు ఒకటే అయితే మూలకాల లెక్క ఈ రెండింటినీ వేరుచేయలేదు. నెమ్మదిగా వేడిచేస్తూ ఉష్ణమార్పును కొలిచే డీఎస్‌సీ పరికరం మాత్రం ఇట్టే పట్టేస్తుంది. సాధారణ ఎస్‌బీఆర్ మైనస్ 50 డిగ్రీల ప్రాంతంలో ఒక్కసారే గాజు స్థితి నుంచి మెత్తబడుతుంది. ఎస్‌బీఎస్‌లో ఆ మార్పు రెండుసార్లు కనిపిస్తుంది, మైనస్ 90 దగ్గర ఒకటి, నీళ్లు మరిగే వేడికి కాస్త దిగువన మరొకటి. ఒక్క బ్యూటాడయీన్‌తోనే చేసిన రబ్బరులోనూ సిస్, ట్రాన్స్, వినైల్ అని మూడు అమరికలుంటాయి. ఏది ఎంతుందో ఇన్‌ఫ్రారెడ్, ఎన్‌ఎంఆర్ పరీక్షలు చెబుతాయి.

దినుసుల లెక్క పనికిరాదని కాదు. నైట్రైల్ రబ్బరులో నత్రజని పాలు కొలిస్తే అక్రిలోనైట్రైల్ అనే దినుసు శాతం తెలుస్తుంది. అది పెరిగేకొద్దీ నూనెను తట్టుకునే శక్తి పెరుగుతుంది, చలికి ఓర్చే గుణం తగ్గుతుంది. ఇక్కడ పాళ్లే చాలావరకు జవాబు.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. సాగదీసి, తెంపి, గట్టిదనం కొలిచి చూస్తే చాలదా, లోపలి అమరికతో వాడేవాడికేం పని అని. ఆ పరీక్షలు అవసరమే, కానీ అవి ఫలితాన్ని చెబుతాయి, కారణాన్ని చెప్పవు. వాడగా వాడగా ఒక గాస్కెట్ బిరుసెక్కిందనుకోండి. గొలుసుల మధ్య అడ్డబంధాలు పెరిగి ఉండవచ్చు, మెత్తదనానికి కలిపిన నూనె బయటికి పోయి ఉండవచ్చు. గట్టిదనం కొలిచే మీటరు రెండు సందర్భాల్లోనూ ఒకే అంకె చూపగలదు. అసిటోన్‌తో కడిగి ఎంత నూనె మిగిలిందో చూస్తే, ఆపైన టోలుయీన్‌లో నానబెట్టి ఎంత ఉబ్బిందో చూస్తే సంగతి తేలుతుంది. వల్కనైజ్ అయిన రబ్బరు అందులో కరగదు, ఉబ్బుతుంది. అడ్డబంధాలు ఎక్కువైతే ఉబ్బు తగ్గుతుంది. శాస్త్రవేత్తలు ఫ్లోరీ, రేనర్ 1943లో ఇచ్చిన సమీకరణంతో ఆ ఉబ్బునుంచే బంధాల సాంద్రతను లెక్కకడతారు. అడ్డబంధాలు పెరిగి ఉంటే వల్కనైజేషన్ పద్ధతినీ వేడినీ సరిచూసుకోవాలి, నూనె పోయి ఉంటే ఆ నూనెను మార్చాలి. కారణం తెలియకుండా మందు వేస్తే అదే లోపం మళ్లీ వస్తుంది.

కనుక రబ్బరు భాగాలు కొనే సంస్థలు సరఫరాదారు నుంచి పాళ్లు, గట్టిదనంతో పాటు అడ్డబంధాల సాంద్రత, గాజు స్థితి ఉష్ణోగ్రత కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.