వదిలి వెళ్లాలనుకున్న ఊరిని బడిలోనే పరిచయం చేద్దాం

హోసూరు, డెంకణీకోట, శూళగిరి, వేపనపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పదో తరగతి పరీక్ష రాసిన పిల్లల్ని ‘తర్వాత ఏం చేస్తావు?’ అని అడిగి చూడండి. ఏం చదవాలో ఇంకా తేల్చుకోని వాళ్లు కూడా ఎక్కడికి వెళ్లాలో మాత్రం తేల్చుకుని ఉంటారు. హోసూరు నుంచి నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకే వాళ్ల ఓటు. ఊళ్లో ఏముందని అడిగితే ‘ఏమీ లేదు’ అంటారు. ఆ మాట వాళ్లు సొంతంగా కనిపెట్టింది కాదు. ఇంట్లో మనమే నేర్పాం. ‘చదవకపోతే గొడ్లు కాచుకుంటావు’ అని తిట్టని ఇల్లు మన పల్లెల్లో ఎన్ని ఉన్నాయి? అదే ఇంట్లో ఆ గొడ్ల పాలమ్మిన డబ్బుతోనే బడి సంచీ కొంటాం.

అలా వెళ్లినవాళ్లలో చాలామంది నడివయసుకు వచ్చేసరికి ఊరి వైపు తిరిగి చూస్తారు. కొందరు సెలవులకు పిల్లల్ని తీసుకొస్తారు, కొందరు నాలుగు మామిడి మొక్కలు నాటుతారు. అప్పటికి ఊరి కథలు చెప్పగల అవ్వాతాతలు ఉండరు, పొలం పేర్లు తెలిసినవాళ్లు ఉండరు. ఊరి విలువ తెలియడానికి ఇరవై ఏళ్లు దూరంగా ఉండి రావాలా? పిల్లలు ఇంకా ఊళ్లో ఉండగానే బడి ఆ పని చేయలేదా? తెలుగు బడుల ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులూ ఈ ప్రశ్న గురించి ఆలోచించాలి.

వెళ్లాలనుకోవడం తప్పు కాదు

ముందుగా పిల్లల వైపు న్యాయం ఒప్పుకోవాలి. మనది ఎక్కువగా వానను నమ్ముకున్న మెట్ట నేల. చినుకు పడితే రాగి, లేకపోతే అప్పు. రాగి కంకి ముదిరే రోజుల్లో అడవి నుంచి ఏనుగుల గుంపులు దిగుతాయి. డెంకణీకోట, సానమావు అడవుల అంచున సేద్యం చేసేవాళ్లు చలికాలమంతా మంచెల మీద జాగారం చేయాల్సిందే. కృష్ణగిరి వైపు మామిడిదీ అదే కథ. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి ధర పడిపోయిన ఏడాది కోత కూలీ కూడా గిట్టదు. నంది కొండల ప్రాంతంలో పుట్టి మన దగ్గరికి వచ్చే దక్షిణ పినాకిని బెంగళూరు మురుగును మోసుకొచ్చి కెలవరపల్లి ఆనకట్ట దగ్గర నురగలు కక్కడం ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాం.

ఇవన్నీ కళ్లారా చూసిన పిల్ల ‘నేను వెళ్లిపోతాను’ అంటే అది గర్వం కాదు, లెక్క. ఊరిని మెచ్చుకోవడమంటే ఈ కష్టాన్ని దాచిపెట్టి పచ్చని పొలాల బొమ్మ గీయించడం కాకూడదు. పిల్లలు ఆ బొమ్మను నమ్మరు.

పట్నమే నడిచొచ్చింది

మన ప్రాంతంలో ఒక విచిత్రం జరిగింది. మనం పట్నానికి వెళ్లేలోపే పట్నం మన దగ్గరికి వచ్చింది. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చేనాటికి హోసూరు చిన్న ఊరు. తర్వాత లారీలు, మోపెడ్లు, చేతి గడియారాలు తయారుచేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. 1984లో పుట్టిన టైటాన్ సంస్థ గడియారాలు హోసూరు పేరును దేశమంతా తిప్పాయి. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. ఇప్పుడు సెల్‌ఫోన్ విడిభాగాలూ, కరెంటు స్కూటర్లూ ఈ జిల్లాలోనే తయారవుతున్నాయి.

అంటే ఊళ్లో ఉంటూనే షిఫ్టుకు వెళ్లి రాగలిగిన తరం ఇది. ఫ్యాక్టరీ బస్సు దిగి సాయంత్రం ఆవుకు గడ్డి వేసే యువకులు మన పల్లెల్లో కొత్త కాదు. సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల దగ్గర్లో ఉన్న ఈ చల్లని నేల గులాబీకి ఎంత అనువైనదో తెలిశాక ప్లాస్టిక్ పందిళ్లు లేచాయి. ప్రేమికుల రోజు వస్తే హోసూరు గులాబీలు విదేశాలకు విమానమెక్కుతాయి. రాయకోట టమోటా, కెలమంగలం కూరగాయలు, డెంకణీకోట మల్బరీ తోటలు, పట్టు గూళ్లు కూడా ఈ మట్టి ఇచ్చినవే. ఏమీ లేని ఊరికి ఇన్ని లారీలు ఎందుకు వస్తున్నాయని పిల్లల్నే అడగవచ్చు.

ఇందులో పోయేదీ ఉంది. రోడ్డు పక్క చేను ప్లాట్లుగా మారితే దాని పేరు కూడా పోతుంది. రేపు ఆ చోటికి ఏదో ‘లేఅవుట్’ అన్న పేరే మిగులుతుంది.

పేరులోనే పాఠం

ఊరి పేర్ల నుంచి మొదలుపెడదాం. హోసూరు అంటే కన్నడంలో కొత్త ఊరు. గోపసంద్రం, మల్లసంద్రం లాంటి పేర్లలో ‘సంద్రం’ అంటే సముద్రం. మెట్ట నేలలో సముద్రం ఎక్కడిది? అది చెరువు. చెరువు కట్టించి దానికి సముద్రమని పేరు పెట్టుకున్న కాలం నాటి మాట అది. బెంగళూరులో పిల్లలు గొప్పగా చెప్పుకునే బొమ్మసంద్ర, సింగసంద్రలు కూడా ఆ కోవలోవే. ఒక్క మాట పట్టుకుంటే రెండు రాష్ట్రాల నీటి చరిత్ర బయటికి వస్తుంది. మీ ఊరి చెరువు ఎవరి పేరు మీద ఉంది, ఇప్పుడు దానిలో నీళ్లున్నాయా, ఇళ్లున్నాయా అని పిల్లలు వెళ్లి చూస్తే అదొక సాంఘిక శాస్త్ర పాఠమే.

అదే మల్లసంద్రం కొండ మీద బండ పలకలతో కట్టిన ప్రాచీన సమాధులున్నాయి. ఇలాంటివాటిని మన పెద్దలు పాండవుల గుళ్లు అనేవారు. బరగూరు దగ్గరి మయిలాడుంపారైలో దొరికిన ఇనుము సుమారు 4,200 ఏళ్ల నాటిదని తేలినట్లు 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలోనే ప్రకటించారు. ఊళ్ల పొలిమేరల్లో పసుపు కుంకుమలతో నిలబడిన వీరగల్లులు ఆవుల మందల కోసం, ఊరి కోసం పోరాడి చనిపోయినవాళ్ల గుర్తులు. కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలో అలాంటివి వరుసగా నిలబెట్టి ఉన్నాయి. విహారయాత్ర అనగానే మైసూరుకు బస్సు మాట్లాడే బడులు ఒక్కసారి కృష్ణగిరికీ మాట్లాడవచ్చు.

చేను కూడా పుస్తకమే. మన పెద్దలు రాగి ఒక్కటే వేయలేదు. సాళ్ల మధ్య అనప, అలసంద, ఆముదం, ఆవాలు వేశారు. వాన ముందే ఆగిపోయి రాగి ఎండితే అనపైనా చేతికొస్తుంది. పైగా అనప వేర్లు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి. సైన్సు పుస్తకంలో పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల బొమ్మ చూసి బట్టీ పట్టే పిల్లకు, చలికాలంలో ఇంట్లో తినే పితికిపప్పు కూర ఆ మొక్కదేనని ఎవరైనా చెప్పారా?

మన మాటకు సిగ్గెందుకు?

ఊరి మీద చిన్నచూపు ముందుగా నోట్లోనే మొదలవుతుంది. మన పిల్లలు ఇంట్లో మొరసునాటి తెలుగు, అంగట్లో కన్నడం, ఆఫీసులో తమిళం మాట్లాడగలరు. ఇంకెక్కడైనా ఇది గొప్ప విద్య. మన దగ్గర మాత్రం తమిళుల ముందు ‘తెలుగోళ్లం’ అనీ, ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాల ముందు ‘మాది సరైన తెలుగు కాదు’ అనీ రెండు వైపులా తల దించుకుంటున్నాం.

2006 నాటి తమిళ నేర్పు చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. అప్పటి నుంచి తెలుగు సీట్ల కోసం, పరీక్షల కోసం మన సంఘాలు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం గురించి రాజ్యాంగంలోని 350ఏ అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఆ పోరాటం సాగాల్సిందే. కానీ ఏ కోర్టూ పిల్ల మనసులో ‘మా అవ్వ మాట మంచి మాట’ అన్న నమ్మకం నాటలేదు. ఆ పని ఇంటిదీ, బడిదీ.

దీనికి తమిళనాడులోనే గొప్ప ఉదాహరణ ఉంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ అనే పల్లెలో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రాసింది తమిళంలో. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన రైతు ఆయన. దక్షిణాదికి వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. దాని తర్వాతి నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తన నల్లరేగడి సీమ జనం మాటలను ఏరి ఒక నిఘంటువే కూర్చారు. తెలుగులో చిత్తూరు జిల్లా మిట్టూరు నుంచి నామిని, పులికాట్ సరస్సు పల్లెల నుంచి స.వెం. రమేశ్ రాసిన కథలు కూడా ఊరి నోటితోనే నిలిచాయి. అచ్చంగా మనలాంటి పల్లె మాటలే అవి.

తొరపల్లి నేర్పే జాగ్రత్త

ఊరిని ప్రేమించమనడంలో ఒక ప్రమాదమూ ఉంది. దాన్ని గుర్తు చేసే పేరు హోసూరు పక్కనే పుట్టింది. తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ హోసూరులో బడికి వెళ్లి, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివి, స్వతంత్ర భారత గవర్నర్ జనరల్ స్థాయికి ఎదిగారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. ఆ ఆయనే మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో గ్రామీణ ప్రాథమిక బడులకు కొత్త పథకం తెచ్చారు. దాని ప్రకారం పిల్లలు రోజుకు మూడు గంటలు బడిలో ఉండి, మిగిలిన పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఇది కులవృత్తికి కట్టేయడమేనని రాష్ట్రమంతా వ్యతిరేకత వచ్చింది. 1954లో రాజాజీ పదవి నుంచి దిగాక కామరాజ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

ఊరి పని గౌరవమైనదని చెప్పడం వేరు, నీకు ఊరి పనే గతి అని చెప్పడం వేరు. రాజాజీ స్వయంగా తొరపల్లి దాటి వెళ్లగలిగారు. ఆ దారి ప్రతి పిల్లకూ తెరిచి ఉండాలి. అప్పుడే ఊళ్లో ఉండిపోవడమైనా, తిరిగి రావడమైనా సొంత నిర్ణయం అవుతుంది.

ఈ ఏడాదే చేయగలిగినవి

ఉపాధ్యాయులు పెద్ద ఖర్చు లేకుండా నాలుగు పనులు చేయించవచ్చు.

మొదటిది పేర్ల పటం. ప్రతి పిల్లా తమ ఊరి కుంటలు, చెరువులు, బావులు, చేలు, బండల పేర్లు పెద్దల్ని అడిగి ఒక కాగితం మీద గుర్తించాలి. ఏ పేరు ఎందుకు వచ్చిందో పక్కన రాయాలి.

రెండోది మాటల సంచి. కయ్య, గెనిమ, గొర్రు, గుంటక, కపిల, వామి లాంటి మాటలు వారానికి పది చొప్పున పోగు చేసి అర్థం, వాడుక రాయించాలి. ఒక ఏడాది మాటలతో బడికి సొంత నిఘంటువు తయారవుతుంది. కపిల బావిని చూసినవాళ్లు ఇంకా కొందరే మిగిలారు. ఆలస్యం పనికిరాదు.

మూడోది పంట లెక్క. ఎకరా రాగికి దుక్కి, విత్తనం, ఎరువు, కూలీ ఎంత, చేతికొచ్చింది ఎంత అన్నది తండ్రినో తల్లినో అడిగి గణితం నోటు పుస్తకంలో లెక్క వేయించాలి. కొన్ని లెక్కలు నష్టం చూపిస్తాయి. చూపించనివ్వండి. అమ్మానాన్న ఎంత నేర్పుతో ఇల్లు నడుపుతున్నారో అప్పుడే అర్థమవుతుంది.

నాలుగోది అతిథి గంట. నెలకొకసారి పట్టుపురుగులు పెంచే తల్లినో, మామిడి అంటు కట్టే తాతనో తరగతికి పిలిచి అయ్యవారి కుర్చీలో కూర్చోబెట్టాలి. తన అవ్వ చెప్పేది తరగతంతా నోటు పుస్తకంలో రాసుకోవడం చూసిన పిల్ల ఇక అవ్వ మాటకు సిగ్గుపడదు.

తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే. ‘చదవకపోతే గొడ్లు కాచుకుంటావు’ అన్న తిట్టును మానేయండి. చదివినా గొడ్ల గురించి తెలియాలి, గొడ్లు కాసినా చదువు రావాలి. ఈ సంక్రాంతికి పిల్లల్ని ఫోను పక్కన పెట్టించి, మీ చేనికి తీసుకెళ్లి, దాని పేరేమిటో, తాతకు అది ఎలా వచ్చిందో, ఏ ఏడాది ఏం పండిందో చెప్పండి. రేపు వాళ్లు బెంగళూరు బస్సెక్కినా, అక్కడ ఎవరైనా ‘మీ ఊళ్లో ఏముంది?’ అని అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర చాలానే ఉంటుంది.