ఆడబిడ్డ భాగం ఫోన్ తేల్చేది కాదు

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఆస్తి పంపకాల దగ్గర ఈమధ్య ఒక మాట గట్టిగా వినబడుతోంది: ‘మనుషులకైతే వర్గాలుంటాయి, కులాలుంటాయి. ఏఐకి అవేవీ లేవు, అది చెప్పిందే ధర్మం.’ ఊసుపోక అనుకునే మాటైతే వదిలేయవచ్చు. ఫోన్‌లో వచ్చిన నాలుగు వాక్యాలు చూపించి ఆడబిడ్డ చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించే దాకా వస్తే ఊరుకోకూడదు.

అపోహ: ఏఐ ఎవరి పక్షమూ వహించకుండా తీర్పు చెబుతుంది.

వాస్తవం: గొడవ గురించి దానికి తెలిసేది అడిగినవాళ్లు రాసిందే. అన్న ఇలా రాస్తాడు: ‘అప్పు చేసి చెల్లెలి పెళ్లి చేశాం, అమ్మానాన్నల్ని నేనే చూసుకున్నా, ఇప్పుడు పొలంలో భాగమడగడం న్యాయమా?’ చెల్లెలు ఇలా రాస్తుంది: ‘నాన్న పోయాక నాకు చెప్పకుండా పొలం రాయించుకున్నారు, ఇది న్యాయమా?’ ఇద్దరికీ అనుకూలమైన జవాబే రావచ్చు. రెండోవాళ్లను పిలిచి అడిగే వీలు దానికి లేదు. పైగా అడిగినవాళ్లను మెప్పించే గుణం ఒకటుంది. చాట్‌జీపీటీ మితిమీరి వంతపాడుతోందని ఓపెన్‌ఏఐ సంస్థే ఒప్పుకుని, 2025 ఏప్రిల్‌లో తెచ్చిన మార్పును రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

2023లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకా కలవరపెడుతుంది. ఐదుగురిని కాపాడటానికి ఒకరిని బలివ్వవచ్చా అని అడిగితే చాట్‌జీపీటీ ఒకసారి అవునంది, ఒకసారి కాదంది. ఏ జవాబు చదివినవాళ్లు ఆ జవాబు వైపే మొగ్గారు. అది చదవకపోయినా అదే చెప్పేవాళ్లమని వాళ్లలో ఎక్కువమంది నమ్మారు. సలహా తమను మళ్లించిందన్న సంగతే వాళ్లకు తెలియలేదు!

అసలు ఆడబిడ్డ భాగం ఎవరో కొత్తగా తేల్చాల్సిన ధర్మసందేహమా? పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం తెచ్చిన సవరణ పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా తీసేసింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కట్నమిచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు.

అపోహ: యంత్రం తప్పు చేస్తే తర్వాత సరిదిద్దుకోవచ్చు.

వాస్తవం: ఆలోపు కడుపు మాడేదెవరికి? తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ కంప్యూటర్ వ్యవస్థ రకరకాల ప్రభుత్వ రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు జతచేసి ఎవరు పేదలో ఎవరు కాదో చెప్పేది. రిక్షా తొక్కే మనిషిని కారు యజమానిగా లెక్కగట్టడంతో ఒక కుటుంబానికి రేషన్ అందకుండా పోయింది. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఊళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అది చాట్‌బాట్ కాదు నిజమే, కానీ ‘యంత్రం చెప్పింది’ అంటూ మనుషులు తమ బాధ్యత వదిలేసిన తీరు ఒకటే.

కోర్టుల్లోనూ ఏఐయే తీర్పులు రాస్తోందనడం తప్పు. జిల్లా న్యాయవ్యవస్థలో తీర్పులకు, నిర్ణయాలకు దాన్ని వాడకూడదని కేరళ హైకోర్టు 2025 జులైలో విధానమే ప్రకటించింది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. పెద్దమనుషుల పంచాయతీలో ఆడమనిషి మాట వినేవాళ్లు తక్కువ. వర్గాల పగలు చూసిన ఊళ్లలో ఎవరి గడప తొక్కినా ఏదో ఒక వర్గం ముద్ర పడుతుంది. అలాంటిచోట అర్ధరాత్రయినా విసుక్కోకుండా, ఎవరికీ చెప్పకుండా జవాబిచ్చే ఫోన్ వైపు చూడటంలో తప్పు లేదు. చట్టం పేరేమిటి, ఏ కాగితాలు కావాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నంతవరకు అడగండి. వచ్చిన జవాబును వకీలుకు చూపించి సరిచూసుకోండి. ఎదుటివాళ్ల వైపు నుంచి కూడా అదే ప్రశ్న రాసి చూడండి, జవాబు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది. ఎవరికి ఎంత చెందాలన్నది మాత్రం దాన్ని తేల్చమనకండి.

అన్నదమ్ములు ఫోన్ చూపించి సంతకం అడుగుతుంటే, అమ్మా, ఆ రోజు పెట్టకండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసాయం పొందే హక్కు 1987 నాటి చట్టమే ఇచ్చింది. ముందు న్యాయసాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.