వీరాస్వామయ్యగారి మజిలీలు

1830 మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరారు. ఆయన అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ. రైలు లేని కాలమది. కుటుంబం, పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు. అంతా కలిసి నూరుమందికి తగ్గని బలగం. హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథాలు సేవించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరుకున్నారు.

అంతకు పూర్వమూ కాశీకి పోయి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. వారి దారి వారితోనే మాసిపోయింది. వీరాస్వామయ్యగారి దారి నిలిచింది. ఏనాటి సంగతి ఆనాడే వ్రాసి పెట్టుకోవడమే అందుకు కారణం. ఆ వ్రాతలు 1838లో గ్రంథమై వెలువడ్డాయి. ఆయన అంతకు రెండేండ్ల ముందే గతించారు.

ఆ కాశీయాత్రచరిత్రలో దేవాలయ వర్ణనలే కాదు, దారి ఎట్టిది, దిగిన ఊర నీటివసతి ఉన్నదా, అంగళ్లలో ఏ దినుసులు దొరుకుతాయి, ఏటిని దాటడమెట్లా అన్న చిన్న సంగతులూ ఉన్నవి. నాటి దేశస్థితి తెలుసుకోగోరే విద్యార్థికి నేడు ఆ చిన్న సంగతులే పెద్ద ఆధారం.

ఈనాడు మన కుటుంబాలు కాశీకే కాదు, అమెరికాకూ ఒక్క రోజులో పోగలుగుతున్నవి. ఛాయాచిత్రాలకు కొదవ లేదు. కాని చిత్రం అమ్మమ్మ ముఖాన్ని చూపునే గాని, రైలుపెట్టెలో ఆమె చెప్పిన పాత ముచ్చటను చెప్పదు. సెలవులకు ఊరు వెళ్లే పిల్లవాని సంచిలో ఒక నోటుపుస్తకం ఉంటే ఆ ముచ్చట దక్కుతుంది.