టులెట్ బోర్డు ముందు

హాస్టల్‌లో ఉన్నన్నాళ్లూ ట్రంకుపెట్టె పట్టేంత చోటు చాలనుకున్నాం. పీజీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది కోసం ముగ్గురం తిరిగితే అసలు కష్టం తెలిసింది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని రాస్తున్నాం.

మొదట డబ్బు లెక్క. అద్దె 6,000 అనుకుంటే చేతిలో 6,000 ఉంటే చాలదు. రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 18,000 కావాలి. ముగ్గురు కలిస్తే తలా 6,000. కరెంటు, నీళ్ల బిల్లు వేరా అని ముందే అడగాలి. అడ్వాన్సు కోసం లోన్ యాప్‌ల జోలికి పోవద్దు. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు బ్యాంకులో అప్పు పుట్టదు. మేం కలిసిన ఓనర్లెవరూ సిబిల్ అడగలేదు, "జీతమెంత?" అన్నారు. జీతం లేని మేము ఉద్యోగం చేస్తున్న సీనియర్ అన్నను వెంట తీసుకెళ్లాం.

అగ్రిమెంటు సాధారణంగా 11 నెలలకు రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో రంగులకెంత పట్టుకుంటారో, మిగతాది ఎప్పుడిస్తారో అందులోనే రాయించాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. "మీరేమిటోళ్లు బాబూ?" రెండిళ్లలో మా జవాబు విన్నాక గది "నిన్ననే ఇచ్చేశాం" అయింది. మూడో ఇంటి ముందు అబద్ధం చెబుదామా అనుకున్నాం. చెప్పలేదు. అక్కడా గది దొరకలేదు. అంటరానితనం పాటిస్తూ ఇల్లు ఇవ్వకుండా అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. అయితే కారణం నోటితో చెప్పరు కాబట్టి రుజువు చేయడం కష్టం.

నాలుగో ఇంటి అమ్మ ఒక్కటే అడిగింది: "అయిదో తారీఖుకు అద్దె ఇస్తారా?" ఇస్తున్నాం. మేం ఖాళీ చేసే రోజున ముందుగా మన హాస్టల్‌కే కబురు పంపుతాం.