నేల ఉసిరి పరీక్షకు నిలిచిందా?



మా చోడవరం చుట్టుప్రక్కల పల్లెలలో ఎవరి కళ్ళు పచ్చబడినా ముందుగా గుర్తుకు వచ్చేది నేల ఉసిరి. గట్ల మీద మొలిచే ఆ చిన్న మొక్కను వేళ్ళతో సహా పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగిస్తారు. మేమూ చిన్నతనములో త్రాగినవారమే. ప్రార్థనకు వెళ్ళిన ఇళ్ళలో ఇతరులకు చెప్పినవారమే. "అయ్యగారూ, పసరుతోనే తగ్గిపోయింది" అని వారు చెప్పగా సంతోషించాము.

అయితే కలుషితమైన నీటి వలన వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. మరి తగ్గించినది పసరా, శరీరములో దేవుడు ఉంచిన శక్తియా? దీనిని తేల్చడానికే పరీక్షలు చేస్తారు.

ముందుగా ఎలుకలను గుంపులుగా విభజిస్తారు. ఒక గుంపుకు మామూలు మేత. రెండవ గుంపుకు కాలేయమును పాడుచేసే కార్బన్ టెట్రాక్లోరైడ్ గాని, మోతాదు మించిన పారాసిటమాల్ గాని ఇస్తారు. మూడవ గుంపుకు ఆ విషముతో పాటు మొక్క సారమును ఇస్తారు. తరువాత రక్తములో ఎస్‌.జి.పి.టి., బిలిరుబిన్ ఎంత పెరిగాయో చూస్తారు. నేల ఉసిరి, నేలవేము ఈ పరీక్షలలో ఎలుకల కాలేయమును కొంతవరకు కాపాడాయి.

మరి మనుష్యుల మాట? హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ గారు, మద్రాసు శాస్త్రవేత్త త్యాగరాజన్ గారు తమ బృందముతో ఆ వైరస్ ఉన్నవారికి 30 రోజులు నేల ఉసిరి పొడి ఇచ్చి, 1988లో ఫలితము ప్రకటించారు. 37 మందిలో 22 మంది రక్తములో వైరస్ గుర్తు మాయమైంది. మందు లేని గొట్టాలు మ్రింగిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఎంతో ఆశ కలిగింది! కాని తరువాత ఇతర దేశాలలో జరిగిన పరీక్షలలో ఆ ఫలితము మరల రాలేదు.

మొక్కే గదా, హాని లేదనుకోరాదు. కరోనా కాలములో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయము దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు తెలియజేశారు.

కనుక కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించండి. గర్భిణీ అయినా, రోగి మగతగా ఉన్నా, తడబడి మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా ఒక్క పూట కూడా ఆగక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పసరు త్రాగి ఉంటే దాచక డాక్టరుగారికి చెప్పండి. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా హెపటైటిస్-బి టీకా వేయించండి.

మొక్కను మొలిపించిన దేవుడే దానిని పరీక్షించే బుద్ధిని కూడా ఇచ్చాడు. ఇప్పుడు మేము రోగి కొరకు ప్రార్థించి, ఆ పూటే ఆసుపత్రికి పంపిస్తున్నాము.